వైఫై తెగిపోవుట యెందువలన?

గత సంవత్సరము పరీక్షలకు ముందు మా పొరుగింటి బాలుడొకడు పదవ తరగతి గణిత పుస్తకమును అంతర్జాలమునుండి దించుకొనుటకు మా యింటికి వచ్చెను. మన హోసూరు ప్రాంతమున తెలుగు మాధ్యమపు పుస్తకము అంగడిలో అన్నివేళల దొరకదు. కావున మన పిల్లలకు ఆ దారియే శరణ్యము. పుస్తకము సగము దిగునప్పటికి వైఫై తెగెను. మరల ప్రయత్నించితిమి, మరల తెగెను. ఆ రాత్రి వానిని వట్టి చేతులతో పంపవలసివచ్చెను. మరునాడు మేము తొందరపడి, ఎక్కువ వేగము గల పథకమునకు మారి, నెలనెలా చెల్లించు సొమ్మును పెంచుకొంటిమి. సొమ్ము పెరిగినదే గాని తెగుట తగ్గలేదు. పిమ్మట రెండు వారములు ఓపికతో వెదకి తెలిసికొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

అంతర్జాలము మన కంప్యూటరును రెండు మజిలీలలో చేరుచున్నది. కంపెనీవారి తీగ వీధినుండి వచ్చి యింటిలోని రూటరు పెట్టెలో ముగియుట మొదటిది. ఆ పెట్టెనుండి గాలిలో కంప్యూటరువరకు జరుగు ప్రయాణము రెండవది. వైఫై యనునది ఈ రెండవ మజిలీ మాత్రమే. మనము రెంటిని గలిపి ‘నెట్టు’ అని పిలుచుటచేత, ఏది చెడినను ఒకటే ఫిర్యాదు చేయుచున్నాము. లోపము ఏ మజిలీలో నున్నదో తేల్చినచో సగము పని ముగిసినట్లే.

తేల్చుటకు సులభమైన మార్గము కేబులు. కంప్యూటరును రూటరునకు కేబులుతో కలిపి, తెగెడు వేళకు ఒక గంటసేపు పనిచేసి చూడవలెను. కేబులుతో నిలకడగా నడచి, వైఫైతో తెగినచో లోపము గాలిలోనిది. కేబులుతోను తెగినచో వీధివైపునగాని రూటరులోగాని యున్నది.

కేబులు లేనివారికి పింగ్ అను ఆజ్ఞ కలదు. విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, ఐపీకాన్ఫిగ్ అని ఆంగ్లాక్షరములలో వ్రాసినచో, డిఫాల్ట్ గేట్‌వే అనుచోట రూటరు యొక్క సంఖ్య కనబడును. అది సాధారణముగా 192.168.1.1 గాని 192.168.0.1 గాని యై యుండును. పింగ్ అను మాట, ఆ సంఖ్య, తరువాత అడ్డగీతతో టి అను అక్షరము వ్రాసినచో, కంప్యూటరు సెకనున కొక్కసారి రూటరును పలుకరించుచు, బదులు వచ్చుటకు పట్టిన కాలమును చూపుచుండును. మరియొక కిటికీలో గూగుల్ వారి 8.8.8.8 అను సంఖ్యను ఇట్లే పలుకరింపవలెను. కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కినచో ఆగును. రూటరే బదులు పలుకకున్నచో గాలిలోని మజిలీ చెడినది. రూటరు పలుకుచు దూరపు సంఖ్య పలుకకున్నచో వీధివైపు చెడినది. రెండును పలుకుచు పుటలు మాత్రము తెరుచుకొననిచో, పేర్లను సంఖ్యలుగా మార్చు డీఎన్ఎస్ అను ఏర్పాటులో చిక్కు కలదు. మా యింట రూటరే నూరింట ఇరువదిసార్లు మౌనము వహించెను! మేము అదనముగా చెల్లించిన సొమ్ము వీధి మజిలీకి పోయినది. రోగము గాలి మజిలీలో నుండెను.

వీధి మజిలీని గూర్చి రెండు మాటలు చాలును. ఫైబరు పెట్టెపై లాస్ అనుచోట ఎర్రదీపము వెలిగినచో కాంతి అందుటలేదని యర్థము. ఫైబరును బిగువుగా మడచినను, ఎలుక కొరికినను ఇట్లగును. ఊడిన ఫైబరు కొనను కంటికెదురుగా నుంచి చూడరాదు. అందలి కాంతి కంటికి కనబడదు గాని హాని చేయగలదు. దీపములన్నియు ఒక్కసారిగా ఆరి వెలుగుచున్నచో, రూటరునకు విద్యుత్తునిచ్చు అడాప్టరును అనుమానింపవలెను.

ఇక గాలి మజిలీ. 1895లో జగదీశ చంద్ర బోసు కలకత్తాలో కంటికి కనబడని తరంగములను పంపి, దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపెను. మన రూటరు పంపునవియు ఆ జాతి తరంగములే. వీనికి రెండు ముఖ్యమైన శ్రేణులు కలవు: 2.4 గిగాహెర్ట్జు, 5 గిగాహెర్ట్జు. మొదటిదాని తరంగపు పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అది గోడలను కొంత మేలుగా దాటును. రెండవది వేగవంతమైనది గాని గోడలయెదుట త్వరగా నీరసించును. కృష్ణగిరి జిల్లా రాతికి పేరుపొందినది. మన పాత యిండ్ల మందపు రాతిగోడలు ఎండను ఆపినట్లే ఈ తరంగములను గూడ చాలవరకు ఆపును. ఇనుప బీరువా, అద్దము వెనుకనుండు లోహపు పూత, నీటి డ్రమ్ము, ఇవన్నియు శత్రువులే. ఐనను రూటరును బీరువా వెనుక దాచుట మన యిండ్ల ఆచారము, చూచుటకు బాగుండదని కాబోలు! దానిని ఇంటి నడుమ, ఎత్తున, బయటికి కనబడునట్లు ఉంచవలెను.

2.4 శ్రేణిని తక్కువ శక్తిగల పరికరములు అనుమతిపత్రము లేకుండ వాడుకొనవచ్చునని మన ప్రభుత్వము 2005లో నియమము చేసెను. అందుచే ఇరుగుపొరుగుల రూటర్లన్నియు అచ్చటనే గుమిగూడుచున్నవి. మైక్రోవేవ్ పొయ్యియు ఆ శ్రేణిలోనే పనిచేయును గనుక, అది నడచుచున్నంతసేపు వైఫై తడబడవచ్చును. ఆ శ్రేణిలో మనము వాడదగిన చానళ్లు 13; గాని అవి ఒకదానిపై నొకటి పడియుండును. ఒకదానితో నొకటి తగులకుండునవి 1, 6, 11 మాత్రమే. అందరును 1, 6లలో నున్నారని తెలివిగా 3వ దానిని ఎన్నుకొనువారు కలరు. అది పొరపాటు. ఒకే చానలులోని రూటర్లు ఒకదాని మాట నొకటి విని, వంతు వచ్చువరకు ఆగును. సగము కలిసిన చానలులో మాట వినబడదు, రొద మాత్రమే వినబడును. మన 3వ చానలు రెండు వైపులవారి రొదను భరించుచు, వారిని గూడ బాధించును. బ్రౌజరులో రూటరు సంఖ్యను వ్రాసి, పెట్టె యడుగున అతికించిన పేరును సంకేతపదమును ఇచ్చినచో ఈ మార్పు చేయవచ్చును. ఆ పనిలోనే పాత సంకేతపదమును గూడ మార్చుట మంచిది.

మేము రూటరును బీరువా వెనుకనుండి తీసితిమి, చానలును 11కు మార్చితిమి. కొంత మేలయ్యెను గాని సాయంకాలపు తెగుట పోలేదు. పగలు లేనిది సాయంకాలమే ఎందుకు? కారణము మా బల్లమీదనే యుండెను. దించిన పాఠములను దాచుటకు మేము ప్రతి సాయంకాలము ఒక డిస్కును కంప్యూటరు వెనుక తగిలించెడివారము. దాని ప్రక్కనే వైఫై అందుకొను చిన్న యూఎస్‌బీ పుల్ల యుండెను. యూఎస్‌బీ 3.0 పరికరములు పనిచేయునప్పుడు 2.4 శ్రేణిలో రొద వెలువడునని ఇంటెల్ సంస్థవారు 2012లోనే ప్రకటించియున్నారు. మీటరు పొడవుగల యూఎస్‌బీ కేబులుతో ఆ పుల్లను దూరముగా గోడకు వ్రేలాడదీసితిమి. ఆ రాత్రి పింగ్ నూటికి నూరు బదులిచ్చెను.

కంప్యూటరులో చూడవలసినవి మరి రెండు కలవు. డివైస్ మేనేజరులో వైఫై అడాప్టరు యొక్క పవర్ మేనేజ్‌మెంట్ అను పుటలో, విద్యుత్తు పొదుపుకై దానిని ఆపివేయుటకు ఇచ్చిన అనుమతిని తొలగింపవలెను. పాత కంప్యూటరులో లోపలి చిన్న బ్యాటరీ అయిపోయినచో, కరెంటు పోయివచ్చినప్పుడెల్ల గడియారము ఏనాటి తేదీకో పోవును. అప్పుడు వైఫై చక్కగా నున్నను, బ్యాంకులు పాఠశాలల పుటలు తెరుచుకొనవు.

ఇంత చేసినను వీధివైపు లోపమే యని తేలినచో కంపెనీవారికి ఫోను చేయకతప్పదు. అచ్చట మనవారికి మరియొక కష్టము కలదు. అవతలివారు తమిళమునగాని ఆంగ్లమునగాని మాటలాడుదురు. తెలుగే వచ్చిన తల్లి ‘నెట్టు రాలేదు’ అనుటకు మించి చెప్పలేక ఫోను పెట్టివేయును. కావున తెగిన తేదీ, గంట, ఏ దీపము ఏ రంగున వెలిగినది, కేబులుతో చూచితిమా లేదా, ఏ సంఖ్య పలుకలేదు అను వానిని ఒక కాగితముపై వ్రాసియుంచవలెను. అంకెలు ఏ భాషలోనైనను అంకెలే. ఆ కాగితమును చూచి బడికి పోవు బిడ్డయైనను చదివి చెప్పగలదు. మా కాగితము రూటరు ప్రక్కనే గోడకు అతికియున్నది; పొరుగింటి బాలుడు తన గణిత పుస్తకము దించుకొన్ననాడు, అడుగున తేదీ తానే వేసి పోయెను.