కువాలాల దారిలో మొదటి మూడు రోజులు

మలేషియా మ్యాపు తెరిచి తూర్పు తీరం వెంట వేలు కిందికి జరుపుకుంటూ రండి. ఒక మాట పదే పదే తగులుతుంది: కువాలా. కువాలా తెరెంగాను, కువాలా ఇబాయ్, కువాలా అబాంగ్, కువాలా డుంగున్. మలయ్ భాషలో కువాలా అంటే ఏరు వెళ్ళి సముద్రంలోనో ఇంకో నదిలోనో కలిసే చోటు. మన తీరంలో జాలరులు "మొగ" అంటారే, అది. మనం కౌలాలంపూర్ అని పిలిచే ఊరి పేరులో ఉన్నదీ ఈ కువాలాయే, లుంపూర్ అంటే బురద. ఆరేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్నా ఆ మాట నాకు ఒట్టి పేరే. తీరం వెంట నడవడం మొదలుపెట్టాక తెలిసింది. కువాలా వచ్చిందంటే ఇసుక అయిపోయిందని అర్థం. ఇక ఒడ్డు వదిలి లోపలికి తిరిగి, వంతెన ఎక్కడుందో వెతుక్కోవాలి.

మా ప్లాన్ చెప్పుకోవడానికి చాలా తేలిక. తెరెంగాను రాష్ట్ర రాజధాని కువాలా తెరెంగాను నుంచి దక్షిణంగా కెమామన్ దాకా సుమారు 160 కిలోమీటర్లు, ఇద్దరమే, పది రోజుల్లో. ఇది పేరున్న ట్రెక్కింగ్ రూటేమీ కాదు. బోర్డులు, బాణం గుర్తులు ఏవీ ఉండవు. వీలైనంత సేపు ఇసుక మీద, వీలుకాని చోట పల్లె సందుల్లో, అదీ కుదరకపోతే తీరాన్ని ఆనుకుని పోయే ఫెడరల్ రోడ్డు 3 మీద. నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ ఈశాన్య రుతుపవనాల కాలం. సముద్రం రోడ్డు మీదికొచ్చినంత పని చేస్తుంది. అందుకే మే నెల మొదట్లో బయల్దేరాం.

ఎందుకు అని అడిగినవాళ్ళకి "ఊరికే" అని చెప్పాం. అసలు సంగతి వేరే. మేమిద్దరం ఒకే ఫ్లాటులో రెండు గదుల్లో కూర్చుని రెండు కంపెనీలకి పని చేస్తాం. రోజంతా ఒకే కప్పు కింద ఉండి, రాత్రి అన్నం దగ్గర "ఏంటి సంగతులు?" అని పరిచయస్తుల్లా అడుక్కుంటాం. పది రోజులు లాప్‌టాప్ లేకుండా పక్కపక్కన నడిస్తే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. మా ఆయనకి దూరం మీద ఆశ, నాకు ఈ రెండోదాని మీద.

మొదటి రోజు

కౌలాలంపూర్ నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి కువాలా తెరెంగాను. టైము ఆరున్నర దాటినా ఇంకా మసక చీకటే. 1982 జనవరి 1న పశ్చిమ మలేషియా గడియారాలని అరగంట ముందుకు జరిపారు, బోర్నియో వైపున్న సబా, సరావక్‌లతో ఒకే టైము ఉండాలని. దాంతో ఇక్కడ సూర్యుడు ఎప్పుడూ కాస్త ఆలస్యంగా డ్యూటీకి వచ్చినట్టుంటుంది. నడిచేవాళ్ళకి మాత్రం ఇది పనికొచ్చే సంగతి. ఫోన్లో తొమ్మిదైనా ఎండ ఇంకా ఎనిమిదిలా ఉంటుంది.

టిఫిను పసార్ పాయాంగ్ మార్కెట్ దగ్గర, నాసి దగాంగ్. కొబ్బరిపాలతో వండిన అన్నం, పక్కన ట్యూనా చేపల కూర. అన్నంలో మెంతులు తగిలితే ఆశ్చర్యపోయాను. మా అమ్మమ్మ మెంతులు పులుసులో వేసేది కానీ అన్నంలో ఎప్పుడూ వేయలేదు.

బాతు బురుక్ బీచిలో ఇసుక మీదికి దిగాం. ఇద్దరి వీపుల మీదా బ్యాగులు, నాది ఏడు కిలోలు, తనది తొమ్మిది. చెరి మూడు లీటర్ల నీళ్ళు. మొదటి గంట పెళ్ళి ఊరేగింపులా హుషారుగా గడిచింది. ఆ తర్వాత వచ్చింది కువాలా ఇబాయ్, 1995లో తెరిచిన తెల్లటి మసీదు నీళ్ళ మీద తేలుతున్నట్టు కనిపించే చోటు. అవతలి ఒడ్డున కూర్చున్న మనిషి చేతిలో గాలం కూడా కనిపిస్తోంది. మధ్యలో ఏరు. వంతెన మీదుగా చుట్టి రావాలి.

"పడవవాడిని అడుగుదాం, రెండు నిమిషాల్లో దాటేస్తాం," అన్నాడు తను.

"నడుద్దామని కదా వచ్చాం," అన్నాను.

చుట్టూ తిరిగే వెళ్ళాం. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ తను ముందు, నేను వెనక. మా ఇద్దరి నడకలో ఉన్న తేడా అక్కడే బయటపడింది. తను గంటకి ఐదున్నర కిలోమీటర్లు సునాయాసంగా నడుస్తాడు, నేను నాలుగు. తను ముందుకి పోయి ఏ సరుగుడు చెట్టు కిందో కూర్చుని నా కోసం చూసేవాడు. నేను చేరగానే "పదా" అని లేచేవాడు. అంటే విశ్రాంతి తనది, నడక నాది. మధ్యాహ్నానికి ఈ లెక్క నాకు బాగా అర్థమైంది. చెప్పాను. తను ఒక నిమిషం ఆలోచించి, "నిజమే, స్లో సర్వర్ వెనకాల ఉంటే సిస్టమ్ మొత్తం ఆగుతుంది," అన్నాడు. పోలిక నచ్చలేదు గానీ తీర్పు నచ్చింది. అప్పట్నుంచి నెమ్మదిగా నడిచే మనిషి ముందు, వేగంగా నడిచే మనిషి వెనక. దూరప్రయాణంలో జంటలకి ఇంతకంటే పనికొచ్చే నియమం ఇంకోటి ఉండదనుకుంటాను.

తెరెంగానులో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. మేం బయల్దేరింది శుక్రవారం. జుమ్మా నమాజు వేళకి చెందరింగ్ దగ్గర దుకాణాలన్నీ మూసేశారు. ఊరూరా ఉండే చిన్న ప్రార్థనా మందిరాలని ఇక్కడ సురావ్ అంటారు. నీళ్ళు, నీడ, శుభ్రమైన బాత్రూమ్ అక్కడ దొరుకుతాయి. నేను నిండు చేతుల చొక్కా వేసుకున్నాను, బ్యాగులో చున్నీ పెట్టుకున్నాను. మర్యాదకీ పనికొచ్చింది, ఎండకీ పనికొచ్చింది. సాయంత్రానికి మరాంగ్ చేరేసరికి నా వాచీలో 21 కిలోమీటర్లు.

రెండో రోజు

మరాంగ్ నది వంతెన దాటి మళ్ళీ ఒడ్డు పట్టాం. ఎడమవైపు సముద్రంలో కపాస్ దీవి. కపాస్ అంటే ఇక్కడా పత్తే, మన కార్పాసమే ఓడెక్కి వచ్చింది.

ఈ తీరంలో ఇసుక గరుకుగా ఉంటుంది, ఒడ్డు ఏటవాలుగా సముద్రంలోకి దిగుతుంది. దక్షిణంగా నడిస్తే సముద్రం ఎప్పుడూ ఎడమ పక్కనే. ఎడమ కాలు ఎప్పుడూ కిందికి, కుడి కాలు ఎప్పుడూ పైకి. పది కిలోమీటర్లయ్యేసరికి నడుముకి ఒక పక్కే నొప్పి. తడి ఇసుక అంచున నడిస్తే గట్టిగా ఉంటుంది కానీ వాలు ఎక్కువ. పైన సరుగుడు చెట్ల దగ్గర చదునే, అయితే పాదం దిగిపోతుంది. ఏది ఎంచుకున్నా పిక్కలకి శిక్ష తప్పదు.

ఎండ గురించి చెప్పాలి. మా ఆయనది రామగుండం. "మా ఊరి ఎండలో పుట్టినోడికి ఇదో ఎండా?" అన్నాడు పొద్దున. ఫోన్లో చూపించింది 33 డిగ్రీలే. రామగుండంలో వేసవిలో ఆ అంకె కనిపిస్తే పండగ చేసుకుంటారు. కానీ అక్కడి ఎండ పొడి ఎండ. చెమట పట్టగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఇక్కడ గాలే తడిగా ఉంటుంది. చెమట కారుతుంది తప్ప ఆరదు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి ఉండదు. అందుకే 33 కూడా మనిషిని పడగొట్టగలదు.

పదిన్నర అవుతుండగా వెనక నుంచి మాటలు ఆగిపోయాయి. నేనేదన్నా "ఊఁ" అని ముక్తసరిగా జవాబు. తిరిగి చూస్తే మొహం ఎర్రగా ఉంది, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "చలిగా ఉందేంటి?" అన్నాడు. ఆ మాట వినగానే నా గుండె జారింది. ఎండలో చలి పుట్టడం వడదెబ్బకి మొదటి మెట్టని తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

రోడ్డు పక్కన కెరొపొక్ లెకోర్ వేయించే పాక ఒకటి కనిపించింది. చేపల ముద్దా సగ్గుపిండీ కలిపి కర్రల్లా చుట్టి ఉడికించేది. వేడి నూనెలో వేయించి కారపు సాస్‌తో ఇస్తారు. ఆ పాకలో ఉన్న పెద్దావిడ మమ్మల్ని చూడగానే ఫ్యాను ఇటు తిప్పి, ఐసు పెట్టెలోంచి గుప్పెడు ఐసు తీసి గుడ్డలో మూటకట్టి నా చేతికిచ్చింది. "నీ అబాంగ్‌ని పడుకోబెట్టు," అంది.

అబాంగ్ అంటే మలయ్‌లో అన్నయ్య. ఇక్కడి ఆడవాళ్ళు భర్తని పిలిచేదీ ఆ మాటతోనే. మన దగ్గర బావా అని పిలిచే చోట వీళ్ళకి అన్నయ్యే సరిపోతుంది. మామూలుగా అయితే పగలబడి నవ్వేదాన్ని. అప్పుడు మాత్రం మెడ మీదా చంకల్లోనూ ఐసు అద్దుతూ ఆవిడ చెప్పినట్టల్లా చేశాను. ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలిపి గుక్క గుక్కగా తాగించాను. అరగంటకి చెమట మళ్ళీ పట్టింది. "రామగుండం పరువు పోయింది," అన్నాడు కళ్ళు తెరవకుండానే. అప్పుడు కూర్చున్నాను నేను.

గొడవ ఆ తర్వాత మొదలైంది. మెర్చాంగ్‌లో ముందే బుక్ చేసుకున్న గదికి ఇంకా తొమ్మిది కిలోమీటర్లుంది. పెద్దావిడ కొడుకు కారులో దింపుతానన్నాడు. తను ససేమిరా అన్నాడు. "మధ్యలో గ్యాప్ వస్తే నడిచినట్టెలా అవుతుంది? నాలుగింటికి బయల్దేరదాం. సాయంత్రానికి వెళ్ళిపోతాం."

"ఎవరికి లెక్క చెప్పాలి మనం?"

"ఎవరికీ కాదు. నాకే."

తన మాటలో నిజముంది. నిన్న ఇబాయ్ దగ్గర పడవ వద్దన్నది నేనే మరి. కానీ నిన్నటి ఎండకి ఒంట్లో చలి పుట్టలేదు. అదే చెప్పాను. "ఆ తొమ్మిది కిలోమీటర్లు ఎక్కడికీ పోవు. కౌలాలంపూర్ నుంచి ఎనిమిది గంటల దూరం. మళ్ళీ వచ్చి నడుద్దాం. నువ్వు పడిపోతే నీ తొమ్మిది కిలోల బ్యాగుతో పాటు నిన్ను కూడా మోసే ఓపిక నాకు లేదు."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి బ్యాగు తనే కారు డిక్కీలో పెట్టాడు. దారి పొడుగునా కిటికీలోంచి మేం నడవని ఒడ్డునే చూస్తూ కూర్చున్నాడు. రాత్రి గదిలో నోట్సు రాసుకుంటుంటే తొంగి చూశాను. మ్యాపులో ఆ తొమ్మిది కిలోమీటర్ల ముక్కకి ఎర్ర రంగు వేసి పక్కన రాశాడు: "బాకీ."

మూడో రోజు

పద్ధతి మార్చాం. తెల్లవారుజామున సురావ్‌లో అజాన్ వినపడగానే లేవడం, వెలుతురు రాగానే నడక, పదింటికల్లా ఆగడం. మళ్ళీ నాలుగున్నరకి మొదలుపెట్టి పొద్దు గూకే లోపు ముగించడం. మధ్యాహ్నమంతా ఏ పాకలోనో కూర్చోవడం. ఆ ఖాళీ గంటల్లోనే మేం అసలు మాట్లాడుకున్నది. రోడ్డు పక్కన నీరా అమ్ముతారు, పేరు కూడా నీరాయే. ఒక సీసా కొనుక్కుని, ఇల్లు కొనాలా వద్దా, అమ్మావాళ్ళని ఎన్నాళ్ళని అక్కడ ఒంటరిగా ఉంచుతాం లాంటివన్నీ మాట్లాడుకున్నాం. ఇంట్లో ఎప్పుడు మొదలైనా మీటింగొచ్చి ఆగిపోయే సంభాషణలే అన్నీ.

సాయంత్రం రంతావ్ అబాంగ్ చేరాం. నిన్న మా పిక్కలని చంపిన ఆ ఏటవాలు ఇసుకకి ఇక్కడ పెద్ద చరిత్ర ఉంది. లెదర్‌బ్యాక్ అనే సముద్రపు తాబేలుకి కావలసింది సరిగ్గా ఇలాంటి ఒడ్డే. ఐదారు వందల కిలోల ఒంటితో ఇసుక మీద పాకడం కష్టం కాబట్టి, దగ్గర్లోనే లోతుండి నిటారుగా లేచే తీరం ఎంచుకుంటుంది. దీని వీపు మీద పొడవాటి గట్లుంటాయి. అందుకే మలయ్‌లో పెన్యు బెలింబింగ్ అంటారు, అంటే స్టార్ ఫ్రూట్ తాబేలు. 1956లో తెరెంగాను తీరంలో ఇవి గుడ్లు పెట్టిన గూళ్ళు 10,155. 1995లో 37. ఇప్పుడు ఎప్పుడో ఒక్కటి ఒడ్డుకొస్తే పేపర్లో వార్త.

దీనికి ఒక్క కారణం కాదు. ఏళ్ళ తరబడి ఒడ్డుని వేలం పాడుకుని గుడ్లు దాదాపు అన్నీ తవ్వి అమ్మారు. సముద్రంలో వలలకి చిక్కి పెద్ద తాబేళ్ళు చచ్చిపోయాయి. 1961లో హేచరీలు మొదలుపెట్టారు గానీ తాబేలు పిల్ల ఆడదో మగదో తేల్చేది ఇసుక వేడి. హేచరీ ఇసుక వేడికి పుట్టినవి దాదాపు అన్నీ ఆడవే అయ్యాయని తర్వాత పరిశోధకులు తేల్చారు. సముద్రపు తాబేళ్ళ గుడ్లేవీ అమ్మకూడదన్న నిషేధం తెరెంగానులో 2022లో గానీ అమల్లోకి రాలేదు.

కూర్మనాథుడికి శ్రీకూర్మంలో గుడి కట్టుకున్న వాళ్ళం మనం. విశాఖ ఒడ్డున చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గుడ్లని ఏరి హేచరీల్లో పెట్టే అటవీశాఖ వాళ్ళని చిన్నప్పుడు చూశాను. అవి ఇంకా వస్తూనే ఉన్నాయన్న సంగతి ఎంత పెద్దదో రంతావ్ అబాంగ్‌లో నిలబడితే తెలుస్తుంది.

రంతావ్ అంటే తీరం వెంట సాగే నేల. ఆ మాట నుంచే మెరంతావ్ వచ్చింది, పొట్ట చేత పట్టుకుని ఊరొదిలి దూరదేశం పోవడం. లెదర్‌బ్యాక్ కూడా మహాసముద్రాలు తిరిగి, గుడ్లు పెట్టే వేళకి తను పుట్టిన ప్రాంతానికే వస్తుందట. చీకటిపడ్డాక ఫోన్లు, టార్చీలు ఆపేసి ఒడ్డున పది దాకా కూర్చున్నాం. దూరంగా చేపల పడవల దీపాలు. ఏమీ రాలేదు. వస్తుందని మేమూ అనుకోలేదు.

గదికి నడుస్తుంటే, "మనం కూడా ఎప్పటికైనా వెళ్తామంటావా?" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. "వెళ్ళాలంటే ఇక్కడ ఇల్లు కొనకూడదు," అన్నాను. నవ్వాడు కానీ కాదనలేదు.

రేపు డుంగున్, 22 కిలోమీటర్లు. అక్కడి నది పెద్దది, వంతెన బాగా లోపలికి ఉంది. ఈసారి పడవ దొరికితే పడవే అని ఒప్పుకున్నాను.