మాష్టారి చదువు

నలభై ఎనిమిదో యేట నేను మళ్ళీ కాలేజీలో చేరానంటే మా ఆవిడ మొదట నమ్మలేదు. తరవాత నవ్వింది. "యిన్నాళ్ళూ మీరు పిల్లలకి చెప్పారు. యిప్పుడు మీకెవరు చెబుతారండీ?" అంది. ఆ ప్రశ్నకి జవాబు రెండేళ్ళ తరవాత గాని నాకు దొరకలేదు.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. 2020లో కోవిడ్ వచ్చి బళ్ళు మూసినప్పుడు అందరిలాగే నేనూ సెల్‌ఫోను ముందు నిలబడి పాఠాలు వీడియో తీశాను. బళ్ళు తెరిచాక కూడా ఆ సరదా పోలేదు. కుంభాకార కటకం మీద తీసిన పాఠం 40 నిమిషాలు. రంగులు, బాణాలు, వెనక సన్నగా వీణ, ఏ లోటూ లేదు. పదో తరగతి కుర్రవాడొకడు దాన్ని మూడుసార్లు చూసి నా మాటలు నాకే అప్పజెప్పాడు. కాగితమిచ్చి కిరణ చిత్రం గీయమంటే మాత్రం గీయలేకపోయాడు. "నాకు చదువు రాదు మాస్టారూ! పది కాగానే మా మామయ్య షెడ్డులో చేరిపోతాను" అన్నాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ బాధతోనే బోధనా సాంకేతిక శాస్త్రంలో పై చదువుకి చేరాను. ఆదివారం తరగతులు. కెమెరాలూ కంప్యూటర్లూ నేర్పుతారు కాబోలు ననుకున్నాను. తీరా వెళ్ళి చూద్దును గదా, సగం మంది నాలాగే ఉద్యోగస్తులు! కొత్త నర్సులకు పని నేర్పే సిస్టరుగారు, బ్యాంకు ట్రెయినింగు సెంటర్లో పనిచేసే ఒకాయన, బస్సు డ్రైవర్లకు నేర్పే పెద్దాయన.

పుస్తకంలో అయిదు మెట్లున్నాయి: అవసరం విచారించడం, పథకం వేయడం, పాఠం తయారుచేయడం, చెప్పడం, ఫలితం తూచడం. 1975లో అమెరికాలో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంవారు సైనిక శిక్షణ కోసం కూర్చిన పద్ధతిలోంచి వచ్చిన మెట్లివి. నేను చక్కగా బట్టీ పట్టాను. ఎక్కడం చూపించింది మాత్రం తోటివాళ్ళే.

ఒకరోజు టీ తాగుతూ సిస్టరుగారు అడిగింది: "మాస్టారూ, అరలీటరు సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలి. మిల్లీలీటరుకి 20 చుక్కలు పడే గొట్టం. నిమిషానికి ఎన్ని చుక్కలు?"

లెక్క కట్టి, "సుమారు 42" అన్నాను.

"మా పిల్లలూ అల్లాగే రాస్తారు. పరీక్షలో నూటికి నూరు. తీరా వార్డులో గడియారం చూస్తూ చుక్కలు సరిచేయమంటే చెయ్యాడదు."

అందుకని ఆవిడ బొమ్మల పాఠం వెనక్కి నెట్టింది. మొదటి రోజే సీసా తగిలించి, గొట్టం చేతికిచ్చి, కింద బకెట్టు పెట్టి, "సరిచెయ్యండి" అంటుందిట. తడబడ్డాకనే పాఠం. లెక్క మరిచిపోకుండా జేబులో చిన్న కార్డు.

బ్యాంకాయన దారి మరొకటి. గుమాస్తాలు ఒక ఫారంలో పదేపదే తప్పు చేస్తున్నారని, వాళ్ళకి తరగతులు పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆయన తరగతి పెట్టలేదు. రెండు రోజులు కౌంటరు వెనక కూర్చుని చూశాడు. ఫారంలో రెండు గళ్ళు పక్కపక్కనే, ఒకే పేరుతో వున్నాయి. పేరు మార్పించాడు. తప్పులు ఆగిపోయాయి. "తెలియక చేస్తున్నారా, వీలుకాక చేస్తున్నారా? ముందది చూడాలండీ. ఫారం తప్పయితే పాఠమేం చేస్తుంది?" అన్నాడు. రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ అనే యిద్దరు 1970లోనే యీ ప్రశ్న మీద ఒక పుస్తకం రాశారని నాకు తరవాత తెలిసింది.

యిక ఫలితం తూచడం. 1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ చెప్పిన నాలుగు ప్రశ్నలు మా పాఠంలో వచ్చాయి. పాఠం నచ్చిందా? నేర్చుకున్నారా? పనిలో వాడుతున్నారా? దానివల్ల మేలు జరిగిందా? బస్సు పెద్దాయన చిరునవ్వు నవ్వాడు. "తరగతి బాగుందని మావాళ్ళంతా రాసిస్తారు. భోజనం బాగుంటే మరీ బాగా రాస్తారు. మూడు నెలలాగి నేనే బస్సెక్కి డ్రైవరు పక్కన కూర్చుంటాను. అదీ నా పరీక్ష!"

నేను మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయిన సంగతి అప్పుడు తెలిసింది. మర్నాడు బడి వదిలాక ఆ కుర్రవాణ్ణి కూర్చోబెట్టి, కాగితం, స్కేలు యిచ్చి, నోరు మూసుకుని చూశాను. నాభ్యంతరం 10 సెంటీమీటర్లు. వాడు ఆ కొలత కటకం నుంచి కాక వస్తువు నుంచి కొలిచాడు! తక్కిన గీతలన్నీ సరిగ్గానే వున్నాయి. ఎక్కణ్ణించి కొలవాలో నా 40 నిమిషాల పాఠంలో ఒక్కచోటా చెప్పలేదు. తెలిసే వుంటుందనుకున్నాను. తప్పు చూపించగానే మళ్ళీ గీశాడు. ప్రతిబింబం చక్కగా పడింది. వాడు దానికేసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

యిప్పుడు నా వీడియో నాలుగు నిమిషాలే. మధ్యలో ఆగి, గీయమంటుంది. వీణ తీసేశాను. ఆ కుర్రవాడు పాలిటెక్నిక్‌లో చేరాడు. సెలవుల్లో మామయ్య షెడ్డుకీ వెళుతున్నాడు.

మొన్న మా ఆవిడ ఫోనులో కరెంటు బిల్లు కట్టడం నేర్పమంది. నేను ఉత్సాహంగా ఉపన్యాసం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు ఓపికపట్టి, "ముందు ఫోను నా చేతికివ్వండి" అంది.

నాకు చదువు చెప్పేవాళ్ళ జాబితాలో మరో పేరు చేర్చుకున్నాను.