వలస ఇళ్ల పిల్లలు గెలిచిన కప్పు

2019లో టొరంటో రాప్టర్స్. 2020లో లాస్ ఏంజెలిస్ లేకర్స్. ఆ తర్వాత వరసగా మిల్వాకీ బక్స్, గోల్డెన్ స్టేట్ వారియర్స్, డెన్వర్ నగెట్స్, బోస్టన్ సెల్టిక్స్. 2025లో ఓక్లహోమా సిటీ థండర్. ఏడేళ్లలో ఏడు జట్లు ఎన్‌బీఏ కప్పు ఎత్తాయి. ఏడు సీజన్లు వరసగా ఏడు వేర్వేరు జట్లు గెలవడం ఆ లీగు చరిత్రలో ఇదే మొదటిసారి. అమెరికా, కెనడాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలూ, ఈ ఊళ్లు మీకు కొత్తవి కావు. మీలో కొందరు ఆ ఊళ్లలోనే పుట్టారు, ఆ జట్ల బనియన్లు తొడుక్కునే నిద్రపోతారు.

నేనుండేది అత్తిలిలో. హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను గానీ ఊళ్లో అందరికీ ఇప్పటికీ డ్రిల్లు మాస్టార్నే. మా అమ్మాయి వాళ్లు డల్లాస్‌లో ఉంటారు. మనవడు అక్కడ స్కూలు జట్టులో బాస్కెట్‌బాల్ ఆడతాడు. ఒకరోజు ఫోన్లో అన్నాడు: "తాతయ్యా, టీంలో ఇండియన్ని నేనొక్కణ్ణే. ఇది మన ఆట కాదు కదా, అందుకేనేమో!" వాడికి ఫోన్లో చెప్పింది కొంతే. మిగతాది మీ అందరికీ కలిపి ఇక్కడ చెబుతాను.

ముందు ఈ ఆట ఎవరిదో చూద్దాం. 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు, చలికాలంలో గదిలోనే ఆడుకునే ఆట కావాలని, రెండు పీచ్ పళ్ల బుట్టలు బాల్కనీ కమ్మీకి కొట్టించి పదమూడు నియమాలు రాశాడు. ఆయన కెనడా నుంచి వచ్చినవాడు. అంటే ఈ ఆట కనిపెట్టింది కూడా పొరుగు దేశం నుంచి వచ్చిన మనిషే. అదే స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీలో చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాడు. అప్పుడు అత్తిలి కూడా మద్రాసు రాష్ట్రంలోదే. మా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడిందే 1925లో, అంటే ఆ కాలేజీ మా జిల్లా కన్నా ఐదేళ్లు పెద్దది. అక్కడ శిక్షణ పొందిన డ్రిల్లు మాస్టర్లు రాష్ట్రమంతటా హైస్కూళ్లకు వెళ్లారు. కాబట్టి ఈ ఆట మన వైపుకి టీవీతో రాలేదు. మీ ముత్తాతల కాలంలోనే వచ్చింది.

మరి ఇక్కడ ఎందుకు పాతుకోలేదు? నా అనుభవంలో తోచిన కారణం మట్టి. కబడ్డీకి దున్నిన నేలైనా చాలు. వాలీబాల్ నేలను తాకకూడదు కాబట్టి నేల ఎలా ఉన్నా ఫరవాలేదు. బాస్కెట్‌బాల్ మాత్రం నేల మీద కొట్టగానే చేతికి తిరిగి రావాలి. గోదావరి డెల్టా బంకమట్టి వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో నెర్రెలిస్తుంది. కింద మెరక వేసి కంకర దిట్టంగా పరచకపోతే పైన పోసిన సిమెంటు చప్టా కొన్నాళ్లకే పగులుతుంది. రింగులు ఉప్పుగాలికి తుప్పు పడతాయి. ఇటు తాడేపల్లిగూడెం, అటు ఏలూరు కాలేజీల్లో ఆడుకునే కుర్రాళ్లకి ఆట దక్కింది గానీ, కొల్లేరు లంకల్లోని బడిపిల్లల దాకా రాలేదు.

ఇక కప్పు గెలిచినవాళ్ల సంగతి. వాళ్ల ఇళ్ల కథలు వింటే మా మనవడి ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

యానిస్ ఆంటెటొకూంపో పేరు మీకు నోరు తిరుగుతుంది, మాకే తిరగదు. తల్లిదండ్రులు నైజీరియా నుంచి గ్రీసు వలస వెళ్లారు. యానిస్ పుట్టింది ఏథెన్స్‌లో. అక్కడే పుట్టినా చాలా ఏళ్లు ఆ దేశపు పౌరసత్వం ఇవ్వలేదు. అన్నదమ్ములు వీధుల్లో గడియారాలు, చలవ కళ్లద్దాలు, సంచులు అమ్మి ఇల్లు గడిపేవారు. 2013లో పౌరసత్వం వచ్చింది. కొద్ది వారాలకే మిల్వాకీ జట్టు డ్రాఫ్ట్‌లో, అంటే ఏటా జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, పదిహేనో ఎంపికగా తీసుకుంది. ఆ మొదటి చలికాలంలో జరిగినది వినండి. ఆట ఉన్న రోజే కుర్రాడు ముందుగా వెస్టర్న్ యూనియన్‌కి వెళ్లి ఉన్న డబ్బంతా ఇంటికి పంపేశాడు. బయటికొచ్చి చూసుకుంటే టాక్సీకి డబ్బుల్లేవు. పల్చటి జాకెట్టుతో ఆ చలిలో స్టేడియం వైపు పరుగందుకున్నాడు. దారిలో ఒక జంట గుర్తుపట్టి కారెక్కించుకుని దింపారు. డబ్బు చేతికి రాగానే ముందు అమ్మకీ నాన్నకీ పంపేయాలన్న ఆ ఆత్రం మీ ఇళ్లల్లో ఎవరికి తెలియదు? మీ నాన్నల తొలి జీతాల సంగతి అడిగి చూడండి.

ఆ కుర్రాడే 2021 జులై 20న ఫైనల్ ఆరో ఆటలో 50 పాయింట్లు కొట్టాడు. ఫ్రీత్రోలు వేయలేడని ఊరూరా ప్రేక్షకులు అంకెలు లెక్కపెడుతూ ఎగతాళి చేసేవారు. ఆ రాత్రి 19 విసిరి 17 బుట్టలో వేశాడు. మిల్వాకీకి 1971 తర్వాత, యాభై ఏళ్లకి, కప్పు వచ్చింది. పేరున్న పెద్ద ఊరికి మారిపోకుండా, తనను నమ్మి తీసుకున్న ఊళ్లోనే ఉండి సాధించాడు. ఈ ఏడేళ్ల విజయాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

అంతకు రెండేళ్ల ముందు, టొరంటో గెలిచినప్పుడు, అమెరికా బయటి జట్టు కప్పు ఎత్తడం అదే మొదలు. ఆ జట్టును కూర్చినవాడు మసాయ్ ఉజిరి, నైజీరియాలో పెరిగినవాడు. జట్టులోని పాస్కల్ సియాకమ్‌ది కామెరూన్. చర్చి ఫాదరీ కావాలని ఇంట్లోవాళ్లు సెమినరీ బడిలో చేర్పిస్తే, బాస్కెట్‌బాల్‌లోకి చాలా ఆలస్యంగా వచ్చాడు.

డెన్వర్ నికోలా యోకిచ్‌ది సెర్బియాలోని సోంబోర్. చుట్టూ పొలాలున్న మైదానపు ఊరు. 2014 డ్రాఫ్ట్‌లో 41వ ఎంపిక. అతని పేరు వచ్చే సమయానికి టీవీలో ప్రకటన నడుస్తోంది, తనేమో ఇంట్లో నిద్రపోతున్నాడు. 2023 జూన్ 12న డెన్వర్‌కి తొలి కప్పు తెచ్చాక, ఊరేగింపు ఎప్పుడని అడిగాడు. గురువారం అని చెబితే, "అయ్యో, నేను ఇంటికెళ్లాలి" అన్నాడు. అక్కడ ఆదివారం గుర్రప్పందెం ఉంది. ఊరేగింపుకి ఉండి, సంతోషంగా పాల్గొని, తర్వాత సోంబోర్‌కి వెళ్లాడు. ప్రపంచమంతా చూస్తున్నా ఊరి మీద బెంగను దాచుకోని ఆ మనిషంటే నాకు గౌరవం.

2018లో జేమ్స్ హార్డెన్ తర్వాత 2025 వరకు అమెరికాలో పుట్టినవాడెవ్వడికీ ఎన్‌బీఏ అత్యుత్తమ ఆటగాడి బహుమతి రాలేదు. యానిస్‌కి రెండుసార్లు, యోకిచ్‌కి మూడుసార్లు, కామెరూన్ నుంచి వచ్చిన జోయెల్ ఎంబీడ్‌కి 2023లో, కెనడా షే గిల్జస్ అలెగ్జాండర్‌కి 2025లో వచ్చింది. ఇలా అన్నానని లెబ్రాన్ జేమ్స్, స్టెఫెన్ కరీ, బోస్టన్‌కి పద్దెనిమిదో కప్పు తెచ్చిన జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ తక్కువవాళ్లని కాదు. వాళ్ల ఆట సంగతి మీరే నాకు చెప్పగలరు. నేను చెప్పేదల్లా, బయటి నుంచి వచ్చినవాడు ఈ ఆటలో చుట్టపు చూపుగా లేడు, యజమానిగా ఉన్నాడని.

ఆడపిల్లల లీగులోనూ అంతే. న్యూయార్క్ లిబర్టీ 1997లో డబ్ల్యూఎన్‌బీఏ మొదలైనప్పటి నుంచీ ఉన్న జట్టు. తొలి కప్పు 2024 అక్టోబరులో గానీ దక్కలేదు. ఆ ఫైనల్స్‌లో అత్యుత్తమంగా నిలిచిన జాంక్వెల్ జోన్స్ బహామాస్ దీవుల పిల్ల, ఆట కోసం చిన్న వయసులోనే ఇల్లు వదిలి మేరీలాండ్ వచ్చింది. 2025లో లాస్ వెగాస్ ఏసెస్ గెలిచారు, నాలుగేళ్లలో మూడోసారి. ఆ జట్టుకి ఆడిన ఏజా విల్సన్ ఆట చూడని అమ్మాయిలెవరైనా ఉంటే ఈ వ్యాసం పక్కనపెట్టి ముందు అది చూడండి.

ఓక్లహోమా సిటీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2019 జులైలో ఆ జట్టు పాల్ జార్జ్ అనే పెద్ద ఆటగాణ్ణి లాస్ ఏంజెలిస్ క్లిప్పర్స్‌కి ఇచ్చి, బదులుగా అప్పటికి అంత పేరులేని షేని, ఇంకొకణ్ణి, బోలెడు డ్రాఫ్ట్ ఎంపికలనూ తీసుకుంది. షే తల్లి షార్మేన్ ఆంటిగ్వా తరఫున 1992 ఒలింపిక్స్‌లో 400 మీటర్లు పరిగెత్తింది. క్లిప్పర్స్ నుంచి వచ్చిన ఆ ఎంపికల్లో ఒకదానితోనే 2022లో జేలెన్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు. మధ్యలో కొన్నేళ్లు ఓటములే ఎక్కువ. 2021 డిసెంబరు 2న మెంఫిస్ చేతిలో 73 పాయింట్ల తేడాతో ఓడారు, అది లీగు చరిత్రలోనే అతి పెద్ద ఓటమి. నాలుగేళ్లు తిరక్కుండానే 2024–25లో 82 ఆటల్లో 68 గెలిచారు.

ఆ జట్టులో నా కన్ను లూ డార్ట్ మీదే ఉంటుంది. తల్లిదండ్రులు హైతీ నుంచి మాంట్రియల్ వలస వచ్చారు. 2019 డ్రాఫ్ట్‌లో అరవై మందిని ఎంచుకుంటే అందులో ఇతని పేరు లేదు. ఇప్పుడు ఎదుటి జట్టులో అందరికన్నా ప్రమాదకరమైనవాణ్ణి ఇతనికే అప్పగిస్తారు. థండర్ రక్షణ చూస్తే, కూతకొచ్చినవాణ్ణి మూల పట్టినవాడు పట్టగానే తక్కినవాళ్లంతా మీదపడి గీత దాటనివ్వని మన కబడ్డీ గుర్తుకొస్తుంది. ఆట అయ్యాక మైకు ముందు ఒక్కడు మాట్లాడాల్సి వస్తే మిగతా అందరూ వచ్చి వెనకాల నిలబడతారు.

2025 ఫైనల్స్ ఏడో ఆట మాకు జూన్ 23 సోమవారం తెల్లవారుజామున ఐదున్నరకి మొదలైంది. మా వైపు జూన్ అంటే కాలువలకు నీళ్లొదిలే రోజులు, సార్వా నారుమళ్లు పోసే రోజులు. అరుగు మీద కూర్చుని ఫోన్లో చూస్తుంటే, పొలానికి పోతూ పక్కింటాయన ఆగి "ఏవండీ మాస్టారూ, ఎవరు గెలుస్తున్నారండీ?" అంటూ కూర్చుండిపోయాడు. ఎదుటి జట్టు ఇండియానా పేసర్స్ కుర్రాడు టైరీస్ హాలిబర్టన్ మూడు త్రీపాయింటర్లు వేసి మంచి ఊపు మీదున్నాడు. మొదటి క్వార్టర్ పూర్తవక ముందే, బంతి పట్టుకుని ముందుకు కదలబోయి, ఎవరూ తాకకుండానే కూలిపోయాడు. మడమ స్నాయువు తెగింది. అరచేత్తో నేలని బాదుతూ ఏడ్చాడు. "పాపం కుర్రాడండీ" అని పక్కింటాయన లేచి వెళ్లిపోయాడు. సగం ఆట దాకా ఇండియానాయే ఒక్క పాయింటు ముందుంది. మూడో క్వార్టర్లో థండర్ దూసుకుపోయి చివరికి 103–91తో గెలిచారు. ఓడిన ఆ ఇండియానా జట్టులో, ఇంతకుముందు చెప్పిన, టొరంటోతో కప్పు ఎత్తిన సియాకమ్ కూడా ఉన్నాడు.

హాలిబర్టన్‌కి అంతకుముందే పిక్క పట్టేసి ఉంది. దాంతోనే ఆడాడు. అదే ప్లేఆఫ్స్‌లో డేమియన్ లిల్లార్డ్‌కి, టేటమ్‌కి కూడా మడమ స్నాయువు తెగింది. వాళ్లు పెద్దవాళ్లు, వాళ్ల నిర్ణయం వాళ్లది. మీరు మాత్రం నొప్పి దాచుకుని ఆడకండి నాన్నా. పిక్క, మోకాలు, మడమ ఏది నొప్పెట్టినా కోచ్‌కి చెప్పండి. చెప్పకుండా ఆడి కాలు పాడుచేసుకున్న పిల్లల్ని నేను చూశాను.

గెలిచిన జట్టు మళ్లీ గెలవడం కష్టం కావడానికి జీతాల నియమం కూడా ఒక కారణం. 2023లో లీగుకీ ఆటగాళ్లకీ కుదిరిన ఒప్పందం ప్రకారం జీతాల మొత్తం ఒక హద్దు దాటిన జట్టుకి ఆటగాళ్లను మార్చుకునే వీలు బాగా తగ్గిపోతుంది. 2024లో గెలిచిన బోస్టన్ మరుసటి వేసవికే జ్రూ హాలిడేని, పోర్జింగిస్‌ని వదులుకోవలసి వచ్చింది. చిన్న ఊళ్లకు అవకాశం దక్కుతున్నందుకు నాకు ఇది మంచి నియమమే అనిపిస్తుంది.

మరి మన దేశం? డ్రాఫ్ట్‌లో పేరు పలికిన తొలి భారతీయుడు పంజాబ్ పల్లెటూరి రైతు బిడ్డ సత్నాం సింగ్. 2015లో తీసుకున్నది మా మనవడి ఊరు డల్లాసే. 2019 అక్టోబరులో ముంబైలో ఎన్‌బీఏ జట్లు రెండు ఆటలు ఆడాయి. మొదటి ఆట చూడ్డానికి మూడు వేలమందికి పైగా బడిపిల్లల్ని కూర్చోబెట్టారు. రెండూ గెలిచింది ఈ ఇండియానా పేసర్సే. 2021లో మనవాడు ప్రిన్స్‌పాల్ సింగ్ ఉన్న సాక్రమెంటో జట్టు లాస్ వెగాస్ సమ్మర్ లీగ్ గెలిచింది. బాస్కెట్‌బాల్‌లో కాకపోయినా, గోదావరికి అవతల అమలాపురం నుంచి సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ మొదటి ర్యాంకు దాకా వెళ్లాడు. సాత్విక్ వాళ్ల నాన్నగారు కూడా నాలాగే వ్యాయామ ఉపాధ్యాయుడు. డెల్టా పిల్లల్లో సత్తా లేక కాదు, ఆడుకోవడానికి గట్టి నేల లేక.

అందుకే మీకో పని చెబుతాను. మీ అమ్మో నాన్నో చదివిన హైస్కూలు ఏ ఊళ్లో ఉందో కనుక్కోండి. అత్తిలి కావచ్చు, కైకలూరు కావచ్చు, ఉంగుటూరు కావచ్చు. మీ తెలుగు సంఘం పిల్లలంతా కలిసి అక్కడ సగం కోర్టు కట్టించండి. 15 మీటర్లు ఇటు, 14 మీటర్లు అటు, ఒక బోర్డు, 3.05 మీటర్ల ఎత్తున ఒక రింగు. మెరక, కంకర దండిగా వేయించమనండి, రింగుకి తుప్పు పట్టని పూత పూయించమనండి. ఆడపిల్లలకు రోజూ వేరుగా ఒక గంట ఉండాలని ముందే మాట తీసుకోండి. హెడ్మాస్టరు గారికి, పాఠశాల కమిటీకి ఉత్తరం రాస్తే స్థలం వాళ్లు చూపిస్తారు. సంక్రాంతికి వచ్చినప్పుడు మొదటి బంతి మీరే వేయండి. నేర్పడానికి మాబోటి డ్రిల్లు మాస్టర్లం ఉన్నాం.