మార్కులు గుమ్మం దాకానే

ఆస్ట్రేలియాలో మెడిసిన్ సీటుకు ర్యాంకు కావాలి, ఎంట్రన్స్ కావాలి, ఇంటర్వ్యూ కావాలి. పెరిగిన ఊరు కూడా లెక్కకొస్తుంది. మన కుటుంబాలు ఆ దారిలో తడబడుతున్నది ఎక్కడ?

మన దగ్గర డాక్టరు సీటు లెక్క సూటిగా ఉంటుంది. మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, మూడు గంటలు, 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అడిగేది ఒక్కటే: ‘‘ర్యాంకెంత?’’ ఆ అంకె చెబితే చాలు. ఉస్మానియానా, గాంధీయా, గుంటూరా, మేనేజ్‌మెంట్ కోటానా, లాంగ్‌టర్మా అన్నది పక్కింటివాళ్లు కూడా తేల్చేస్తారు.

ఆ లెక్కతో పెరిగినవాళ్లు సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడి, పిల్లల్ని డాక్టర్లను చేద్దామనుకున్నప్పుడు తికమక మొదలవుతుంది. అక్కడా ర్యాంకు ఉంది, ఎంట్రన్సూ ఉంది. కానీ ఆ రెండింట్లో బ్రహ్మాండంగా వచ్చిన అమ్మాయికి సీటు రాదు, ఆమెకంటే తక్కువొచ్చిన క్లాస్‌మేట్‌కు వస్తుంది. ‘అన్యాయం’ అని ఒకరు, ‘లోపల ఏదో జరిగింది’ అని ఇంకొకరు. నిజానికి చాటుగా జరిగేదేమీ లేదు. నిబంధనలన్నీ బహిరంగంగానే ఉన్నాయి. చిక్కల్లా అవి ఇరవైకి పైగా మెడికల్ స్కూళ్లలో ఇరవై రకాలుగా ఉండటమే. దేశం మొత్తమ్మీద ఏటా మెడిసిన్‌లో చేరేది నాలుగు వేల మంది చుట్టూ. ఒక్క తెలంగాణలో ఉన్న ఎంబీబీఎస్ సీట్లే అంతకంటే బాగా ఎక్కువ.

ముందు అడిగేది వీసా

మార్కుల సంగతి తర్వాత. ఆస్ట్రేలియా పౌరులు, పర్మనెంట్ రెసిడెంట్లు, న్యూజిలాండ్ పౌరులు అక్కడ ‘డొమెస్టిక్’ విద్యార్థులు. మిగిలినవాళ్లంతా ‘ఇంటర్నేషనల్’. ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చునే ఈ ఇద్దరి ఫీజుల మధ్య ఆకాశానికీ నేలకూ ఉన్నంత తేడా.

డొమెస్టిక్ విద్యార్థికి దొరికే ప్రభుత్వ సాయపు సీటును కామన్‌వెల్త్ సపోర్టెడ్ ప్లేస్ అంటారు. ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వం భరిస్తుంది, విద్యార్థి వంతు ఏడాదికి 13 వేల డాలర్ల చుట్టూ ఉంటుంది. పౌరుడైతే ఆ మొత్తాన్ని కూడా హెక్స్-హెల్ప్ అప్పు కింద రాసుకుని, ఉద్యోగం వచ్చి జీతం ఒక స్థాయి దాటాక పన్నుతో పాటు తీర్చుకోవచ్చు. పీఆర్ ఉన్నవాళ్లకు సీటు ఇస్తారు, అప్పు ఇవ్వరు. ప్రతి సెమిస్టర్‌కూ చేతి నుంచి కట్టాల్సిందే.

మనవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. భారత పాస్‌పోర్టు వదులుకోవడం ఇష్టంలేక, ఊళ్లో పొలం వ్యవహారాలు చూసుకోవాలనో, పెద్దవాళ్లకు మనసొప్పకనో పౌరసత్వాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. అది వాళ్ల నిర్ణయం, తప్పుపట్టేందుకు ఏమీ లేదు. కానీ ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల మెడిసిన్ అంటుంటే ఆ వాయిదాకు ఖరీదు ఉందని తెలిసి ఉండాలి. పదహారేళ్లలోపు పిల్లల్ని తల్లిదండ్రుల పౌరసత్వ దరఖాస్తులోనే చేర్చవచ్చు.

ఇంటర్నేషనల్ విద్యార్థి సంగతి వేరు. ఏడాది ఫీజు చాలాచోట్ల 70 వేల నుంచి లక్ష డాలర్ల దాకా ఉంటుంది. ఐదారేళ్ల చదువుకు రూపాయల్లో చూస్తే ఫీజు ఒక్కటే రెండు కోట్ల చుట్టూ మొదలై మూడు కోట్లు దాటొచ్చు. సిడ్నీలో గది అద్దె, తిండి, బీమా దీనికి అదనం.

ఇంటర్ కాగానేనా, డిగ్రీ అయ్యాకనా?

యూనివర్సిటీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్‌లో పన్నెండో తరగతి కాగానే చేరితే ఆరేళ్లు, మోనాష్‌లో ఐదేళ్లు. మెల్‌బోర్న్, కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ, డీకిన్, వలంగాంగ్ లాంటివి ముందు ఏదో ఒక డిగ్రీ చేసి రమ్మంటాయి, ఆపై నాలుగేళ్ల ఎండీ, అంటే మన ఎంబీబీఎస్ లాంటిది. సిడ్నీ యూనివర్సిటీదీ ప్రధానంగా ఇదే పద్ధతి. స్కూలు నుంచి నేరుగా డబుల్ డిగ్రీ దారిలో రావాలంటే అది అడిగే ఏటార్ (పన్నెండో తరగతి ఫలితాలను బట్టి ఇచ్చే స్థానం) 99.95, అంటే ఇచ్చే స్కోర్లలో అన్నిటికంటే పైది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం మొత్తంలో ఏటా ఆ స్కోరు వచ్చేది 50 మంది చుట్టూ.

మూడేళ్ల డిగ్రీ చేసి మళ్లీ నాలుగేళ్లు మెడిసినా? మన ఇళ్లలో ఇది కాలయాపనలా వినిపిస్తుంది. నాకైతే ఇందులో ఆక్షేపించాల్సింది కనిపించదు. సంగీతమో చరిత్రో చదివి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఇరవై ఆరేళ్లకు మెడిసిన్‌లో చేరిన మనిషి పదిహేడేళ్ల పిల్లాడికంటే ఈ వృత్తిని తెలిసి ఎంచుకున్నట్టే. డిగ్రీ ఫలానా సబ్జెక్టే కావాలని చాలా స్కూళ్లు అడగవు. స్కూలు స్థాయిలోనూ అంతే. మోనాష్ కెమిస్ట్రీ, ఇంగ్లిష్ తప్పనిసరి అంటుందిగానీ బయాలజీ లేకపోయినా చేర్చుకుంటుంది. బైపీసీ లేనిదే డాక్టరీ లేదని నమ్మే మన పెద్దలకు ఇది మింగుడుపడదు.

డిగ్రీ దారిలో వచ్చేవాళ్లకు గామ్‌శాట్ అనే పరీక్ష ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబర్‌లోనూ జరుగుతుంది. స్కోరు నాలుగేళ్లు చెల్లుతుంది. సైన్స్ విభాగంతో పాటు వ్యాసాలు రాయాలి, కవితో కార్టూనో ఇస్తే దాని ఆంతర్యం పట్టుకోవాలి. డిగ్రీ మార్కుల సగటును ఏడు పాయింట్ల స్కేలు మీద చూస్తారు.

అరనిమిషానికో ప్రశ్న

స్కూలు పిల్లలకు రెండు అంకెలు ముఖ్యం. ఒకటి ఏటార్. పన్నెండో తరగతి ఫలితాలను సబ్జెక్టులవారీగా సర్దుబాటు చేసి, అదే వయసు పిల్లల్లో ఈ విద్యార్థి ఎక్కడ నిలిచాడో చెప్పే స్థానం అది. 99 వస్తే, ఆ ఈడు వాళ్లలో నూటికి 99 మందిని దాటినట్టు.

రెండోది యూక్యాట్. 2018 దాకా యూమ్యాట్ ఉండేది, 2019 నుంచి దీన్ని తెచ్చారు. జులై, ఆగస్టుల్లో కంప్యూటర్ ముందు రెండు గంటలలోపు పరీక్ష. ఇందులో ఫిజిక్స్ ఉండదు, బోటనీ ఉండదు. చదివి గ్రహించే విభాగంలో 22 నిమిషాలకు 44 ప్రశ్నలు. అంటే ప్రశ్నకు అరనిమిషం, ఆ అరనిమిషంలోనే పేరా చదవడం కూడా. తర్కంతో నిర్ణయానికొచ్చే విభాగం, లెక్కల విభాగం ఇంకో రెండు. తెర మీదే చిన్న క్యాలిక్యులేటర్ ఉంటుంది, నెగెటివ్ మార్కులు లేవు. ఒక్కో విభాగానికి గరిష్ఠంగా 900 చొప్పున మొత్తం 2700. వైద్య విద్యార్థిగా ఎలా ప్రవర్తిస్తారో చూసే ప్రశ్నలకు స్కోరు విడిగా ఇస్తారు.

2025లో దీన్ని మార్చారు. ఆకారాల వరస పట్టుకునే విభాగాన్ని తీసేశారు. అంతకుముందు సీటు కొట్టిన అన్నయ్య ఇచ్చిన పాత పుస్తకాల్లో ఆ బొమ్మలతోనే కుస్తీ పడుతున్న పిల్లలుంటే ఆపించండి.

ఈ రెండు అంకెలనూ ఏ స్కూలు ఎలా వాడుకుంటుందన్నది అసలు విషయం. న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ ఏటార్, యూక్యాట్, ఇంటర్వ్యూ మూడింటినీ కలిపి తూస్తుంది. న్యూకాజిల్, న్యూ ఇంగ్లండ్ యూనివర్సిటీలు కలిసి నడిపే కోర్సుకు ఏటార్ ఒక గీత మాత్రమే. గీత దాటితే చాలు, 99.95 ఉన్నవాడికి అక్కడ అదనపు మర్యాదేమీ లేదు. వెస్టర్న్ సిడ్నీ యూనివర్సిటీ తన చుట్టుపక్కల ప్రాంతాల పిల్లలకు కొంత సడలింపునిస్తుంది. టౌన్స్‌విల్‌లోని జేమ్స్ కుక్ యూనివర్సిటీ అయితే యూక్యాటే అడగదు. 2000లో మెడిసిన్ మొదలుపెట్టినప్పటి నుంచీ ఉష్ణమండల, గ్రామీణ, ఆదివాసీ ఆరోగ్యం తన బాధ్యత అనుకుంటున్న స్కూలది. దరఖాస్తులో ఏం రాశారో చదివి, ఇంటర్వ్యూకు పిలుస్తుంది. ఏ స్కూలుకు ఏది కావాలో చూడకుండా అన్నిటికీ ఒకే తీరున అప్లై చేసేవాళ్లు మంచి స్కోర్లు పెట్టుకుని కూడా నష్టపోతారు.

తలుపు మీద కాగితం

ఇంటర్వ్యూ అనగానే బల్లకు అవతల ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చుంటారనుకోవద్దు. ఎక్కువచోట్ల నడిచేది కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో పుట్టిన ఎంఎంఐ పద్ధతి. వరసగా గదులు, ఒక్కో గది ఒక ‘స్టేషన్’. తలుపు మీద కాగితం, చదువుకోవడానికి ఒకట్రెండు నిమిషాలు. గంట మోగగానే లోపలికి, ఏడెనిమిది నిమిషాలు మాట్లాడాలి. మళ్లీ గంట, పక్క గదిలో కొత్త మనిషి, కొత్త ప్రశ్న. ఒక గదిలో తడబడినా రెండో గదిలోని మనిషికి ఆ సంగతి తెలియదు, అదొక ఊరట. కొన్ని స్కూళ్లు దీన్ని ఆన్‌లైన్‌లో జరుపుతున్నాయి.

కాగితం మీద ఇలాంటిది ఒకటి ఉందనుకోండి. మీరు సూపర్‌మార్కెట్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నారు. గడువు తీరిన బ్రెడ్డును పారేయకుండా తోటి ఉద్యోగి బ్యాగులో పెట్టుకోవడం చూశారు. వాళ్లింట్లో ఇబ్బందులున్నాయని మీకు తెలుసు. ఏం చేస్తారు? ‘‘మేనేజర్‌కు చెబుతాను’’ అని టక్కున జవాబిచ్చి కుదురుగా కూర్చుంటాడు మన కుర్రాడు. ‘‘చెప్పాక అతని ఉద్యోగం పోతే?’’ అని వస్తుంది రెండో ప్రశ్న. అక్కడ తెలుస్తుంది మనిషి. ముందు అతనితో మాట్లాడాలని తోచిందా? నియమం ఎందుకుందో ఆలోచించాడా? తనకు తెలియని సంగతి ఉండొచ్చని ఒప్పుకున్నాడా? సరైన జవాబు ఒకటి రాసిపెట్టుకుని మార్కులు వేయరు, ఆలోచన నడిచే తీరు చూస్తారు.

‘డాక్టర్ ఎందుకవ్వాలనుకుంటున్నావు?’ అన్న ప్రశ్నా వస్తుంది. మన టాపర్లు ఫలితాల రోజున పేపర్లకు చెప్పే ‘పేదలకు సేవ చేస్తా’ అక్కడ అతకదు. ఏ పేదలు, ఎప్పుడు చూశావు, ఏం చేశావు అని తవ్వుతారు. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఇంటర్వ్యూ కోచింగులు బోలెడున్నాయి. బట్టీ పట్టిన జవాబులు వినీ వినీ ఇంటర్వ్యూ చేసేవాళ్ల చెవులు కాయలు కాశాయి. కోచింగుకు పోయినవాళ్లకంటే, వారానికోసారి వృద్ధాశ్రమంలో వాలంటీరుగా పనిచేసిన పిల్ల దగ్గర చెప్పుకోవడానికి ఎక్కువ ఉంటుంది.

ఏ ఊళ్లో పెరిగావు?

ఆస్ట్రేలియాలో డాక్టర్లు నగరాల్లో గుమిగూడతారు, లోపలి ఊళ్లలో దొరకరు. మనకు కొత్త కాదు, ఏజెన్సీ పీహెచ్‌సీల కథే. పల్లెటూళ్లో పెరిగిన పిల్లలే డాక్టర్లయ్యాక పల్లెల్లో నిలిచే అవకాశం ఎక్కువన్న ఎరుకతో గ్రామీణ నేపథ్యం ఉన్నవాళ్లకు విడిగా దారులు పెట్టారు. దేశాన్ని ఎంఎం1 నుంచి ఎంఎం7 దాకా ఏడు తరగతులుగా విభజించారు. ఎంఎం1 మహానగరం, ఎంఎం7 మరీ మారుమూల. ఎంఎం2, ఆపై ప్రాంతాల్లో వరసగా ఐదేళ్లు గానీ, విడతలుగా మొత్తం పదేళ్లు గానీ ఉన్న డొమెస్టిక్ విద్యార్థి గ్రామీణ దారిలో దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడ కోరే స్కోర్లు చాలాచోట్ల తక్కువ.

ఇది మనవాళ్లకు సూటిగా తగిలే విషయం. రీజనల్ ప్రాంతాల్లో ఉండాలన్న షరతుతో ఇచ్చే 491 వీసా మీద వెళ్లి షెపర్టన్‌లోనో బెండిగోలోనో ఉంటున్న తెలుగు కుటుంబాలున్నాయి. మూడేళ్లు గడిచి పీఆర్ చేతికి రాగానే మెల్‌బోర్న్‌కు సామాను సర్దేస్తారు. ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే బిడ్డకు గ్రామీణ అర్హత దక్కేది. ఇంకో మెలికా ఉంది. వీసా లెక్కలో ‘రీజనల్’ అయిన అడిలైడ్, కాన్‌బెర్రా, పెర్త్, జీలాంగ్ మెడిసిన్ లెక్కలో ఎంఎం1 కిందికే వస్తాయి. అక్కడ పదేళ్లున్నా పనికిరాదు.

నగరంలో పెరిగినవాళ్లనూ పల్లెకు పంపే ఏర్పాటు ఒకటుంది. ప్రభుత్వ సాయపు సీట్లలో 28.5 శాతం ‘బాండెడ్’. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, ఆ సీటు తీసుకున్నవాళ్లు కోర్సు ముగిసిన 18 ఏళ్లలోపు మొత్తం మూడేళ్లు మహానగరాల బయటో, డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల్లోనో పనిచేయాలి. ఈ మాట వినగానే వద్దనే తల్లిదండ్రులున్నారు. తొందరపాటు అంటాను. శిక్షణా కాలంలోనే అందులో కొంత తీరిపోవచ్చు.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు

ఇక్కడ ఇంటర్ చదివి నేరుగా అక్కడ మెడిసిన్‌లో చేరాలనుకునేవాళ్లకు మూడు హెచ్చరికలు. విదేశాల్లో చదివి తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీసు పెట్టే ఆలోచన ఏమాత్రం ఉన్నా నీట్‌లో అర్హత సాధించి వెళ్లాలి. రెండోది, నేషనల్ మెడికల్ కమిషన్ 2021లో తెచ్చిన నిబంధనలు. విదేశీ కోర్సు కనీసం 54 నెలలుండాలి, దానికి తోడు అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేసి ఉండాలి. నాలుగేళ్ల ఎండీ అంటే 48 నెలలే. డిగ్రీ తర్వాతి దారి ఎంచుకునే ముందు ఈ సంగతి కమిషన్‌తో తేల్చుకోవాలి.

మూడోది ఆ ఇంటర్న్‌షిప్పే. ప్రభుత్వ సాయపు సీటులో చదివినవాళ్లకు రాష్ట్రాలు ఇంటర్న్‌షిప్‌కు హామీ ఇస్తాయి. కోట్లు కట్టి చదివిన ఇంటర్నేషనల్ విద్యార్థికి ఆ హామీ లేదు, వరసలో వెనక నిలబడాలి. దొరకనివాళ్ల పరిస్థితి రెండు దేశాల మధ్యా వేలాడటమే.

ఇక్కడే ఎంబీబీఎస్ చేసి ఆస్ట్రేలియా వెళ్లాలనుకుంటే దారి వేరు. ఆస్ట్రేలియన్ మెడికల్ కౌన్సిల్ పెట్టే 150 ప్రశ్నల కంప్యూటర్ పరీక్ష, ఆపై క్లినికల్ పరీక్ష. ఖర్చు పరంగా చూస్తే చాలా మధ్యతరగతి ఇళ్లకు ఇదే మేలని నా అభిప్రాయం.

‘ఆస్ట్రేలియాలో మెడిసిన్ డైరెక్ట్ సీటు’ అని బోర్డు పెట్టినవాళ్లకు అడ్వాన్సు కట్టేముందు యూనివర్సిటీ అడ్మిషన్స్ ఆఫీసుకు మీరే మెయిల్ రాయండి. మన ఇంటర్ బోర్డు మార్కుల్ని ఎలా లెక్కిస్తారో, ఏ పరీక్ష అడుగుతారో రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. యూక్యాట్ బుకింగులు మార్చిలో మొదలవుతాయి, అసలు గడువు మే నెలలోనే ముగుస్తుంది. పరీక్ష ఏడాదికి ఒక్కసారే రాయనిస్తారు. ఆ స్కోరు మరుసటి ఏడాది ప్రవేశాలకే చెల్లుతుంది.