నడక, దండీలు, జిమ్ము, యోగా: ఏది దేనికి పనికొస్తుంది?

"పొద్దంతా పొలంలో వంగి పనిచేసేదాన్ని, నాకు మళ్లీ కసరత్తు ఎందుకమ్మా?" చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల నుండి షుగరు, బి.పి. పరీక్షలకు వచ్చే ఆడవాళ్లు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది. అడగడంలో తప్పేమీ లేదు. తెల్లవారకముందే పూలు కోసి గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పంపి, ఆ తర్వాత క్యారెట్టు మడిలో కలుపు తీసే మనిషికి "రోజూ అరగంట నడవండి" అని చీటీ రాసిస్తే నవ్వు రాదా మరి! అందుకే ఈ సంచికలో వ్యాయామాల గురించి వైద్యశాస్త్రం చెప్పేదానితో పాటు, మేము చేసి చూసింది కూడా కలిపి రాస్తున్నాము.

మా ఆసుపత్రి సిబ్బందిలో కొందరం గత కొన్నేళ్లుగా ఒక్కో రకం కసరత్తును కొంతకాలం చొప్పున చేస్తూ వచ్చాము. మొదలుపెట్టింది నడకతోనే. ఖర్చు లేదు, గురువు అక్కరలేదు. అయితే షికారు నడకకు, వ్యాయామం నడకకు తేడా ఉంది. పక్కవారితో మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం ఉండాలి. అప్పుడే గుండె, ఊపిరితిత్తులు పనిలో పడతాయి. నడిచేటప్పుడు కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుని వాడుకుంటాయి. అందుకే అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిచినా షుగరు అంతగా పైకి ఎగబాకదు. రెండు నెలలు తిరిగేసరికి మాకు మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది. కాని రోగిని స్ట్రెచరు మీది నుండి మంచం మీదికి మార్చేటప్పుడు నడుము పట్టేయడం మాత్రం తగ్గలేదు. నడక కాళ్లకు, గుండెకు మేలు చేస్తుంది. చేతులకు, వీపుకు అది చేసేది తక్కువ.

ఇక్కడ ఒక మాట. మర్రిచెట్ల నీడ ఎంత బాగున్నా చేవెళ్ల పెద్దరోడ్డు అంచున నడవకండి. 2024 డిసెంబరులో ఆలూరు స్టేజి దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్న వారి మీదికి లారీ దూసుకొచ్చి ప్రాణాలు తీసింది. చీకటితో లేచి నడిచేవారు బడి మైదానమో, ఊరి చెరువు కట్టో, పొలం బాటో చూసుకోవాలి.

నడక తర్వాత దండీలు, బస్కీలు పట్టాము. నేర్పింది చిన్నప్పుడు పాతబస్తీ తాలీములో మట్టి పూసుకున్న ఒక పెద్దాయన. ఇనుము లేకుండా సొంత ఒంటి బరువునే ఎత్తి దించే విద్య ఇది. రొమ్ము, భుజాలు, తొడలు గట్టిపడతాయి. మన తెలుగునాట ఈ దారికి పెద్ద పేరు కోడి రామ్మూర్తి నాయుడు గారు. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కుస్తీ, కసరత్తుల మధ్య పెరిగారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగొచ్చి డ్రిల్లు మాస్టరుగా పనిచేశారు. తర్వాత సర్కసు పెట్టి, ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగించి తెంచేవారు. ప్రాణాయామం కూడా సాధన చేశారు. అంటే ఆయన కూడా ఒక్క పద్ధతిని పట్టుకుని కూర్చోలేదు. అంతటి మనిషికీ చివరి రోజుల్లో కాలికి పుండు పడి, కాలు తీసేయవలసి వచ్చింది. 1942లో మరణించారు.

పుండు మాట వచ్చింది కాబట్టి షుగరు ఉన్నవారికి చెబుతున్నాము. పాదాలు తిమ్మిరిగా ఉంటే ఒట్టి కాళ్లతోను, హవాయి చెప్పులతోను నడవవద్దు. ముల్లు దిగినా తెలియదు. నడిచి వచ్చాక అరికాళ్లు చూసుకోండి, వంగలేకపోతే ఇంట్లోవారిని చూడమనండి.

మోకాళ్ల నొప్పులు ఉన్నవారు బస్కీల జోలికి పోనక్కరలేదు. కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి నిలబడండి. మళ్లీ నెమ్మదిగా కూర్చోండి. మొదట ఐదుసార్లు చాలు. తొడ కండరం బలపడితే మోకాలి మీద పడే భారం తగ్గుతుంది. దండీలు నేల మీద తీయలేనివారు గోడకు చేతులు ఆనించి తీయవచ్చు.

జిమ్ములో మేము నేర్చుకున్న ముఖ్యమైన సంగతి, బరువును కొంచెం కొంచెంగా పెంచడం. వయసుతో పాటు కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది. రెంటికీ బరువులెత్తడం మంచి మందు. ఆడవాళ్లకు ఇదెందుకు అనేవారికి కరణం మల్లీశ్వరి గారిని గుర్తు చేస్తాము. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన శ్రీకాకుళం ఆడపడుచు. మనకు అంత అక్కరలేదు, రెండు నీళ్ల సీసాలతో మొదలుపెట్టవచ్చు. బి.పి. ఉన్నవారు బరువెత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, బి.పి. ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఎత్తేటప్పుడు గాలి వదలాలి. కుర్రవాళ్లకు ఇంకొక మాట. కండ తొందరగా రావాలని ఎవరో ఇచ్చే స్టెరాయిడ్ సూదులు వేయించుకోకండి. గుండె, కాలేయం దెబ్బతింటాయి, పిల్లలు పుట్టే శక్తి కూడా పోవచ్చు. గుడ్లు, పప్పు, పల్లీలు, పాలు మన ఇళ్లలోనే ఉన్నాయి.

చివరగా యోగాసనాలు. పట్టేసిన నడుము, మెడ సాగడం మాకు ఇక్కడే తెలిసింది. ఒంటికాలి మీద నిలబడే సాధన పెద్దవారికి ఎంతో మంచిది, పక్కన గోడ ఉండాలి సుమా. పడి తుంటి విరిగిన పెద్దలు తిరిగి లేచి నడవడం ఎంత కష్టమో మా వార్డుల్లో చూస్తూనే ఉన్నాము. అయితే ఆసనాలు వేస్తున్నామని షుగరు మాత్రలు మానేయడం ప్రమాదం. అలా మానేసి సొమ్మసిల్లి వచ్చినవారు ఉన్నారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. పొలం పని శ్రమే, కాదనము. కాని కలుపు తీసేటప్పుడు గంటల తరబడి ఒకే వంపులో ఉంటాము. గుండె వేగం పెద్దగా పెరగదు, నడుము ఎప్పుడూ ముందుకే వంగి ఉంటుంది, మోకాళ్లు నలుగుతాయి. కాబట్టి కలుపు తీసే అక్కకు కావలసింది ఇంకా వంగడం కాదు. గంటకొకసారి లేచి, నడుము మీద చేతులుంచి వెనక్కి వంగాలి, సాయంత్రం పది నిమిషాలు చురుకుగా నడవాలి, కుర్చీ కసరత్తు చేయాలి. మూటలు మోసే అన్నకు బలం ఉంది, సాగదీత కావాలి. దుకాణంలో కూర్చునే సేటుకు అన్నీ కావాలి!

పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాల బలానికి కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 65 దాటినవారు మూడు రోజులైనా తూలిపోకుండా నిలబడే సాధన కలుపుకోవాలంది. ఒకేసారి చేయనక్కరలేదు, ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కలోకి వస్తుంది.

గుండె జబ్బు ఉన్నవారు, షుగరు వల్ల కంటి నరాలు దెబ్బతిన్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు పరగడుపున కసరత్తు చేయవద్దు. జేబులో చక్కెర పొట్లం ఉంచుకోండి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే ఆగి వెంటనే తినండి. నడుస్తుండగా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే గ్యాసు అనుకుని సోడా తాగి పడుకోకండి. 108కి ఫోను చేయండి, అర్ధరాత్రి అయినా సరే.