గద్దె కట్టే ముందే నీళ్లకు దారి చూడండి

ఇంటి పక్కన మొరం పోసి, చుట్టూ రాయి కట్టి ఎత్తుగా గద్దె వేసుకోవాలనుకుంటున్నారా? నాలుగు పూలమొక్కలు, సాయంత్రం మంచం, మక్కలు ఆరబోసేందుకు చోటు. బాగానే ఉంటుంది. కానీ దానిమీద పడ్డ వాన ఎటు పోవాలో ముందే చూసుకోకుంటే అది గోడలోకి దిగుతుంది. లోపల గోడకానించిన విత్తనాల సంచులు అడుగు నుంచి చెమ్మగిల్లుతాయి.

మా ఇంట్లో అదే జరిగింది. పెరటివైపు ఉండాల్సిన వాటం గోడవైపు పడింది. రెండు వానలకే సున్నం పొక్కులు లేచింది. మేస్త్రీని అని ఏం లాభం, లెవెల్ పైపు పట్టి చూపమని నేనే అడగలేదు.

గద్దె పైభాగం ఇంటి గచ్చుకంటే కనీసం అరడుగు కిందికి ఉండాలి. గోడ నుంచి బయటికి అడుగుకు పావు అంగుళం చొప్పున వాటం ఇప్పించండి. అంటే పదడుగుల వెడల్పుకు రెండున్నర అంగుళాలు. మొరం ఒకేసారి పోయొద్దు. అరడుగు మందాన పోసి, తడిపి, దిమ్మిస కొట్టించి, ఆపైన మరో వరుస పోయాలి. లేకుంటే తర్వాత కుంగి వాటం తప్పుతుంది. చుట్టుగోడ అడుగున నాలుగైదు అడుగులకొక గొట్టం ముక్క పెట్టి, వెనక కంకర వేయించండి. లోపల నీరు నిలిస్తే ఆ గోడ ముందుకు ఉబ్బుతుంది.

12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గద్దె మీద 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 550 లీటర్ల నీళ్లు. 4 అడుగుల పొడవు, వెడల్పు, లోతున గుంత తీసి రాళ్లు నింపితే సందుల్లో ఇంచుమించు 600 లీటర్లు పడతాయి. అయితే ఇంటి కప్పు నీళ్లను గద్దె మీదికి దూకనివ్వొద్దు. 20 అడుగులు, 30 అడుగుల కప్పు నుంచి అదే వానకు 2,700 లీటర్లకు పైగా వస్తాయి. వాటికి గొట్టం వేరు, దారి వేరు.

నారాయణరావుపేట మండలానికి ఇంకుడు గుంత కొత్తేమీ కాదు. ఇంటింటికీ ఇంకుడు గుంతతో పేరు తెచ్చుకున్న ఇబ్రహీంపూర్ ఇక్కడిదే. గుంత మాత్రం పునాదికి పదడుగుల దూరం ఉండాలి. నల్లరేగడి అయితే ఇంకా దూరం జరపండి. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు పగిలి పునాదిని కదిలిస్తుంది. రాళ్లు నింపకముందే గుంతలో నీళ్లు పోసి చూడండి. తెల్లారేసరికి ఇంకకుంటే చోటు మార్చండి, లేదా కాలువ తీసి పెరటి చెట్లకు మళ్లించండి. పక్కింటి గోడకు వదిలితే పంచాయితీ తప్పదు.

తొలి వానకు గొడుగు పట్టుకుని గద్దె చుట్టూ ఒకసారి తిరగండి. నీరు నిలిచిన చోట ఇటుక ముక్క పెట్టి గుర్తుంచుకుంటే, తెరిపిచ్చాక అక్కడివరకే సిమెంటు పూయించుకోవచ్చు.