చిలుకలకు గంజాయి గింజలు పెట్టవచ్చునా?

పంజరపు చిలుకలకు గంజాయి గింజలు మేతగా పెట్టుట పాశ్చాత్య దేశములలో చిరకాలమునుండి వచ్చుచున్న ఆచారము. ఇంగ్లీషు పుస్తకములలో ఆ మాట చదివిన మా విద్యార్థులు, "అయ్యా, అవి తిన్న చిలుకకు మత్తెక్కదా?" అని మమ్ము అడుగుచుందురు. అంతకంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. ఆ పుస్తకములలో "హెంప్" అని వ్రాసిన గింజ ఏది?

నార నిచ్చు మొక్క ఎక్కడ కనబడినను ఇంగ్లీషువారు దానిని హెంపు అనుచు వచ్చిరి. మన జనుమును సన్ హెంప్ అనిరి. గోగును దక్కన్ హెంప్ అనిరి. నిజమైన హెంపు గంజాయి మొక్కయే. జనుము చిక్కుడు కుటుంబములోనిది, గోగు బెండ కుటుంబములోనిది, గంజాయి ఈ రెంటికిని సంబంధము లేనిది. కాని హెంపు అనగానే మనవారికి తోచునది జనుము. నెల్లూరు సీమలో వరి నాటుటకు ముందు పచ్చిరొట్ట ఎరువునకై జనుము చల్లుట వాడుక గనుక, ఆ విత్తులు రైతుల యింట గోనెలోనే యుండును. పిల్లవాడు ఒక దోసెడు తీసి పంజరములో పోసినచో అడ్డగించువారెవరు?

అపాయమంతయు ఇచ్చటనే యున్నది. జనుపవిత్తులలో పిర్రోలిజిడిన్ అను తెగకు చెందిన ఆల్కలాయిడ్లు గలవు. ఇవి కాలేయమును పాడుచేయు విషములు. ఈ విత్తులు తిని గుఱ్ఱములు జబ్బుపడినట్లును, కోడిపిల్లల మేతలో కలిపినపుడు వాని పెరుగుదల తగ్గినట్లును పశువైద్యులు వ్రాసియున్నారు. కోడిపిల్లకే హాని యైనచో, ముప్పది నలువది గ్రాముల బరువైనను లేని బడ్జరిగార్ పక్షి మాట చెప్పనేల? కావున గుర్తు పట్టుట నేర్చుకొనుడు. జనుపవిత్తు మూత్రపిండమువలె ఒక ప్రక్క నొక్కుకొని, నలుపు కలిసిన బూడిదరంగున నుండును. గంజాయి గింజ కోడిగ్రుడ్డువలె గుండ్రన; పెంకుపై వలవంటి సన్నని గీతలుండును.

ఇక మత్తు సంగతి. గంజాయి మత్తు మొక్కయొక్క పూతలో ఊరు జిగురునందున్నది. గింజలో అది లేనట్లే. భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2021లో ఈ గింజను, దాని నూనెను, పిండిని మనుష్యుల ఆహారముగా నంగీకరించెను. అయినను గింజ మొలకెత్తినచో వచ్చునది గంజాయి మొక్కయే. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము పూతనుండి వేరుపడిన గింజను గంజాయిగా నెంచదు గాని, అనుమతి లేక మొక్కను పెంచుట నేరమనుచున్నది. చిలుక విదిల్చిన మేతను పెరటిలో ఊడ్చిపోయు తల్లులు దీనిని గమనింతురు గాక. 1937లో అమెరికావారు గంజాయిపై చట్టము చేయబోగా పక్షిమేత వర్తకులు వచ్చి మొఱపెట్టుకొనిరి. మొలకెత్తకుండునట్లు చేసిన గింజను మాత్రము పక్షులకు అమ్మవచ్చునని అప్పుడు అంగీకారము కుదిరెను. నేడు కొనువారును అట్టి గింజనే అడుగుట మేలు.

మత్తు లేదు గదాయని దోసిళ్లతో పెట్టరాదు. గింజ బరువులో ఇంచుమించు మూడవ వంతు నూనె. మాంసకృత్తులు మంచివే గాని సున్నము స్వల్పము, ఏ విటమిను లేనట్లే. అడవి చిలుక తిన్న నూనెను మైళ్లకొలది ఎగిరి ఖర్చుచేయును. పంజరపు చిలుక ఏమి చేయును? పైగా ఈ పక్షి మహా గడుసుది. గిన్నెలో నాలుగు రకములు కలిపి పోసినచో నూనెగింజలనే ఏరుకొని తిని, తక్కినవి క్రింద పారవేయును. యజమానుడు గిన్నె ఖాళీయైనదని సంతోషించి మరల నింపును. ఇట్లు కొన్నాళ్లు గడచునప్పటికి కాలేయమున క్రొవ్వు పేరుకొని, ఱెక్కలు వాల్చి, ఒకనాడు పక్షి కూలిపోవును. మా తలంపున గంజాయి గింజ మచ్చికకై చేతినుండి అందించు తాయిలముగా, దినమునకు నాలుగైదు మించకుండ నుండవలెను. సముద్రపు తేమగాలికి నూనెగింజలు త్వరగా చెడును. వేరుసెనగయు నంతే. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీకోళ్లు బూజు పట్టిన వేరుసెనగ పిండి తిని చచ్చుటవలననే అఫ్లటాక్సిన్ అను విషము బయల్పడెను.

రామచిలుకను పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. తాటిచెట్ల తొఱ్ఱలలోనుండి పిల్లలను దింపి తెచ్చువారికి ఈ మాట తెలియవలెను. మేము చెప్పుచున్నది బడ్జరిగార్, కాక్‌టీల్ మొదలగు పరదేశపు జాతులను గూర్చియే. వీనికి కొఱ్ఱలు, సజ్జలు నిత్యపు మేత. తోటకూర, మునగాకు, ఎఱ్ఱ గుమ్మడిముక్క దినదినమును పెట్టినచో విటమిను ఏ కొఱత తీరును. పండుమిరపకాయయు పెట్టవచ్చును, ఆ కారము పక్షుల నోటికి తెలియదు.

సున్నమునకై డబ్బు వెచ్చింపనక్కఱలేదు. మైపాడు ఇసుకపై తెల్లగా, తేలికగా, పడవ ఆకారమున కొట్టుకొనివచ్చు సముద్రఫేనమును పిల్లలందఱు ఎఱుగుదురు. కడలి నురుగు గట్టిపడి అట్లయినదని కొందఱందురు గాని, అది కటిల్ చేపయను సముద్రజీవి వీపులోని పెంకు. దానిని మంచినీటిలో కొన్ని దినములు నానవేసి, దినమునకొకమారు నీరు మార్చుచు ఉప్పు పోనిచ్చి, ఎండలో బాగుగ నారబెట్టి, మెత్తని ప్రక్క పక్షివైపునకు వచ్చునట్లు పంజరపు కమ్మికి కట్టవలెను.